అక్క గోలీలో ఉన్నదే చుక్కల్లోనూ

షట్టర్‌ని రెండు అరచేతులతో బాదుతూనే ఉన్నాను. "ఎవరన్న ఉన్నరా? షట్టర్ తియ్యిండ్రి! లోపల మనుషులున్నం!" అని గొంతు పోయేలా అరుస్తున్నాను. షట్టర్‌కి అవతల అబిడ్స్ మెయిన్ రోడ్డు. రోడ్డు నిండా జనం, లారీల మీద వినాయకులు, ఒక్కో లారీ వెనక ఒక్కో డీజే. ఆ మోతకి షట్టర్ రేకు దానంతటదే వణుకుతోంది. ఇక నా చేతుల చప్పుడు ఎవరికి వినపడుతుంది? ఒక్కరికి మాత్రం వినపడింది. బయట ఎవరో నా దెబ్బలకి దరువు కలిపి తిరిగి వాయించారు. పైగా ఈల కూడా వేశారు.

మెట్లెక్కి పైకి పరిగెత్తాను. మొదటి అంతస్తులో మా షాపు. కాగితం రీముల పక్కన అక్క గోడకి ఆనుకుని నేల మీద కూర్చుంది. మళ్ళీ వాంతి చేసుకుంది. థీసిస్ బైండింగ్‌కి వచ్చిన మేడం ఆమె తల పట్టుకుని తన చున్నీతోనే మూతి తుడుస్తోంది.

"ఇన్నరా ఎవరన్న?" అంది మేడం.

"ఇన్నరు. డాన్సు చేస్తున్నరు."

అక్క కళ్ళు తెరవకుండానే నవ్వింది. ఆ నవ్వు కూడా నాలుక మందం పడి వంకరగా వచ్చింది. నాకు అప్పుడు నిజంగా భయమేసింది.

మేము లోపలుండగా షట్టర్‌కి బయట తాళం ఎందుకు పడిందో చెప్పాలి. నిమజ్జనం రోజు అబిడ్స్‌లో పాత బిల్డింగులన్నిటికీ ఇదే పద్ధతి. కింద మెట్ల షట్టర్ తెరిచి ఉంచితే ఊరేగింపులో జనం మెట్ల కిందికి ఒంటేలుకి వస్తారు. అందుకని పొద్దున్నే షట్టర్ దించి తాళం వేసి వాచ్‌మన్ తాత కూడా వినాయకుల్ని చూడటానికి పోతాడు. ఆ రోజు మాత్రం నేనే బతిమాలాను. "తాతా, మేము లోపలుంటం. ఒక పెద్ద పని ఉంది. నువ్వు తాళమేసుకోని పో, ఐదింటికి వచ్చి తియ్యి" అన్నాను. "లోపల ఏమన్న అయితే?" అన్నాడు తాత. "ఏమైతది తాతా, కాగితాలు కరుస్తయా?" అని నవ్వాను.

మాది థీసిస్‌లు ప్రింట్ చేసి బైండింగ్ చేసే షాపు. పీహెచ్‌డీ చేసేవాళ్ళు పెన్ డ్రైవ్ పట్టుకుని పరిగెత్తుకొస్తారు. అందరికీ రేపే ఆఖరు రోజు. నేను పేజీలు తీసి, వరస చూసి, కుట్టి, అట్ట వేసి, రెగ్జిన్ అతికించి, పుస్తకం వీపు మీద బంగారు రంగు అక్షరాలు కొడతాను. పదో తరగతి తర్వాత చదువు ఆగిపోయింది కానీ, ఎన్ని డాక్టరేట్లు నా చేతుల మీదుగా పోయాయో! ఒక్కటీ అర్థం కాలేదనుకోండి.

ఈ మేడం కూడా అలాగే వచ్చింది. కరీంనగర్ దగ్గర పల్లె నుంచి వచ్చి చదువుకుంటోంది, నాకంటే నాలుగేళ్ళు పెద్దదేమో. సోమవారం పొద్దున యూనివర్సిటీలో ఇవ్వాలి, గైడు సార్ ఆఖరి నిమిషంలో తప్పులు దిద్దాడు. మా ఓనర్ తన కాలనీ వినాయకుడి వెంట పోతూ షాపు తాళంచెవి నా చేతిలో పెట్టి, "నువ్వు చూస్కో" అన్నాడు. ఇంట్లో అమ్మ ఏమో మా నాంపల్లి గల్లీ మండపంలో ఆఖరి పూజ పనులకి పొద్దున్నే వెళ్ళిపోయింది. అక్కని ఒంటరిగా వదలకూడదు. అది మా ఇంట్లో రూలు. కాబట్టి నేను ఎక్కడుంటే అక్క అక్కడ. సినిమాకి పోయినా, షాపుకి పోయినా. నేను వేరే ఊళ్ళో పని గురించి ఎప్పుడూ ఆలోచించలేదు. ఇంటి నుంచి నడిచి పోయేంత దూరమే నా లోకం, నాంపల్లి స్టేషన్ వెనక గల్లీ నుంచి అబిడ్స్ పోస్టాఫీసు దాకా.

అక్కకి మనసు జబ్బు. కొన్నాళ్ళు ఆకాశంలో తేలుతుంది, నిద్రపోదు, పాటలు పాడుతూ స్టేషన్ ప్లాట్‌ఫారాలన్నీ తిరిగి వస్తుంది. కొన్నాళ్ళు గోడవైపు తిరిగి పడుకుంటుంది. గోలీలు వేసుకుంటే మధ్యలో ఉంటుంది. మధ్యలో ఉన్నప్పుడు మా గల్లీలో ఆమెని మించిన నోరు ఇంకొకటి లేదు.

ఆ పొద్దున అక్క బానే ఉంది. చెయ్యి కొంచెం వణికి టీ ఒలికింది, అంతే. ఆ గోలీలకి చెయ్యి వణకడం మామూలే కాబట్టి నేను పట్టించుకోలేదు. అక్క పేజీలు మడుస్తోంది. నేను వీపు మీద కొట్టడానికి ఇత్తడి అక్షరాలు పేరుస్తున్నాను. థీసిస్ పేరులో ఒక మాట పేరుస్తూ ఆగిపోయాను. ఆ మాట నాకు తెలుసు. మా ఇంట్లో బియ్యం డబ్బా మీద పెట్టే గోలీల అట్ట మీద ఉంటుంది.

"మేడం, గీ లిథియం మా అక్క మింగుతది" అన్నాను.

మేడం ఒక్క క్షణం అక్కని చూసి, మొహమాటపడి తల దించుకుంది. అక్కకి మొహమాటం అంటే ఏమిటో తెలియదు.

"ఔ మేడం, రోజుకు రెండు పూటల మింగుత. మీరేం రాసిన్రు దాని మీద గింత లావు పుస్తకం?"

"నేను మందు గురించి రాయలే అక్కా. చుక్కల గురించి."

"సుక్కలకు కూడ గోలీలా?"

మేడం నవ్వి స్టూలు దగ్గరికి లాక్కుంది. చేతులు తిప్పుతూ మా భాషలోనే చెప్పింది. "చుక్క పుట్టినప్పుడే దాంట్ల జరంత లిథియం ఉంటది. అది శానా నాజూకు. వేడి తట్టుకోదు. మీద మీద చల్లగున్న కాడ ఉన్నంతసేపు బతుకుతది. లోపలికి పోయిందా, కాలిపోతది. మన సూర్యునిల కూడ ఇప్పటికే శానా వరకు పోయింది. ఇగ చుక్క ముసలిదైనంక ఉబ్బుతది. మస్తు పెద్దగా, ఎర్రగా అయితది. అప్పుడు మీదిది కిందికి, కిందిది మీదికి కలుపుకుంటది, గంటెతోని పప్పు కలిపినట్టు. ఉన్న లిథియం కూడ పలచనైపోతది. అందుకే ఆ పెద్ద చుక్కలల్ల లిథియం ఉండొద్దు."

"ఉండొద్దు అంటే ఉన్నదన్నట్టే కదా" అంది అక్క.

"గదే అక్కా! కొన్నిట్ల ఉంటది. ఉండాల్సినదానికంటే శానా ఎక్కువ. ఎందుకో పూర్తిగ ఎవలకూ తెల్వదు. లోపలనే కొత్తగ తయారై కాలకముందే మీదికొస్తదని కొందరంటరు. ఏదో ఒక గ్రహాన్ని మింగినయేమో అని కొందరంటరు."

"మింగెనా? గోలి మింగినట్టే? మరి వాటికి ఇప్పుడు నిమ్మళంగుందా?"

మేడం పడీ పడీ నవ్వింది. దూరం నుంచి వచ్చే వెలుగుని విడదీస్తే ఎరుపులో ఒక చోట సన్నటి నల్లగీత ఉంటుందట, అది ఎంత లోతుంటే అంత లిథియం ఉన్నట్టట. ఐదేళ్ళు ఆ గీతనే చూసిందట మేడం. మా అక్కకి దవాఖానలో రక్తం తీసి చూస్తారు, ఈమె వెలుగు తీసి చూస్తుంది. ఎక్కువైనా కష్టమే, తక్కువైనా కష్టమే అని డాక్టర్లు అక్క గురించి అంటారు కదా, చుక్కలకి అలాంటి బాధ లేదా అని అడుగుదామనుకున్నాను. అంతలో అక్క మూత్రానికని లేచి, రెండడుగులు వేసి, తాగినవాళ్ళలా తూలి కటింగ్ మిషన్ మీద పడబోయింది.

అప్పటి నుంచి మొదలైంది. వాంతి. మళ్ళీ వాంతి. చేతుల వణుకు పెద్దదై భుజం దాకా పాకింది. మాట ముద్దముద్దగా వస్తోంది. వాచ్‌మన్ తాతకి ఫోన్ చేస్తే రింగు పోతోంది కానీ ఎత్తడం లేదు. ఉస్మాన్‌గంజ్ వినాయకుడి ముందు చెవులు మూసుకుని నిలబడి ఉంటాడు పాపం. 108కి మేడం చేసింది. దొరికారు కానీ మోతలో సగం మాటలు వినపడలేదు. బషీర్‌బాగ్ వైపు మూల మీద అంబులెన్స్ ఉందనీ, జనంలోంచి ఇటు రావడం కుదరదనీ, పేషెంట్‌ని అక్కడిదాకా తీసుకురమ్మనీ చెప్పారు. షట్టర్‌కి తాళముందని చెప్పేలోపే లైన్ కట్టయింది. ఆ తర్వాత నెట్‌వర్క్ కూడా సరిగ్గా లేదు.

నేను మా గల్లీ మెడికల్ షాపు అన్నకి చేశాను. అక్క గోలీలు ఎప్పుడూ ఆయన దగ్గరే కొంటాం. నేను చెప్పింది విని ఆయన మొదట అడిగింది ఇదే: "విరేచనాలు గిట్ల అయితున్నయా? అన్నం నీళ్ళు మంచిగ తీసుకుంటుందా? ఉప్పు గిట్ల ఏమన్న బందువెట్టిన్రా?"

వినాయకుడు కూర్చున్న రోజు నుంచి లేచే దాకా అక్క ఉప్పు ముట్టకూడదని అమ్మ మొక్కింది. ఒక్క పూట భోజనం, అదీ చప్పిడి. "నా బిడ్డకు గీ గోలీల పీడ వోవాలె" అని మండపంలో అందరి ముందూ దండం పెట్టింది. అక్క కూడా సంతోషంగా ఒప్పుకుంది. గోలీలు మాత్రం నేనే రోజూ చేతిలో పెట్టి మింగించాను, మొక్కు తీరేదాకా ఆపొద్దని.

"ఔ అన్నా, ఉప్పు లేదు. పది దినాలాయె."

"అయ్యో! గట్లయితే ఆ మందు ఒంట్లకెళ్ళి బయటికి వోదు చెల్లె, జమైతది. ఇయ్యాల గోలి ఇయ్యకు. లేటు చెయ్యకు, దవాఖానకు తీస్కపో."

తీసుకుపోవాలి. ఎలా? కింద తాళం, బయట లక్ష మంది.

అమ్మకి చేశాను. భజన వినపడుతోంది వెనక. "అమ్మా, అక్క కక్కుతుంది. కాళ్ళు నిలబడ్తలేవు. జర ఉప్పేసిన నీళ్ళు తాగుమని చెప్పు, నువ్వు చెప్తెనే ఇంటది. నేనిస్తే పండ్లు గిట్టకర్సుకుంటుంది."

"పిచ్చిదానివా ఏంది? మన దేవుడు ఇప్పుడే లారీ ఎక్కిండు. ఇన్ని దినాలు పట్టింది, గీ జరసేపు పట్టలేదా?"

"ఉప్పు మానేసినందుకే గిట్లయిందంట అమ్మా!"

"ఎవలన్నరు?"

"మెడికల్ షాపు అన్న."

"గోలీలమ్మెటోనికి గోలీల సంగతి తెలుస్తది. దేవుని సంగతి ఏం తెలుస్తది? తలకాయ ఒత్తు, పండుకోవెట్టు. వేడి చేసిందది."

ఫోన్ పెట్టేసింది. నేను నా టిఫిను డబ్బాలోని ఉప్పు పొట్లం విప్పి కలిపిన నీళ్ళ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడ్డాను. అమ్మ గొంతులో కోపం లేదు. ఆశ ఉంది. కోపమైతే ఎదురు తిరిగేదాన్ని. అక్క ఈ గోలీలు లేకుండా నవ్వే రోజు కోసం ఆమె అన్నేళ్ళుగా చూస్తోంది, ఇంకొన్ని గంటల్లో వచ్చేస్తుందనుకుంటోంది. ఆ కొన్ని గంటలు అక్క ఉంటుందో లేదో నాకు తెలియదు. కిటికీకి ఊచలు, కిందికి షట్టర్. ఇరవై రెండేళ్ళు వచ్చినా నేను ఈ రెండిటి మధ్యలో నుంచి ఎప్పుడూ బయటికి పోలేదేమో అనిపించింది.

"చెల్లె, కాగితాలు ఏస్దాం కిందికి" అంది మేడం. తప్పులు పడ్డ పేజీలు గుట్టగా ఉన్నాయి. ఇద్దరం కిటికీ ఊచల్లోంచి గుప్పిళ్ళు గుప్పిళ్ళుగా విసిరాం. చుక్కల గ్రాఫులన్నీ గాల్లో గిరగిరా తిరుగుతూ జనం మీద పడ్డాయి. పైన మేడల మీద నుంచి ఆడవాళ్ళు పూలు చల్లడం మామూలే కదా, మేమూ అదే చేస్తున్నామనుకున్నారు. పిల్లలు మాకు చేతులూపి "గణపతి బప్పా!" అన్నారు. ఎవడో గులాల్ విసిరాడు. మేడం ముఖమంతా గులాబీ రంగు. ఆమె ఏడుస్తూనే తుమ్మింది.

అప్పుడు నాకు బైండింగ్ అట్ట గుర్తొచ్చింది. పెద్ద అట్ట ఒకటి తీసి, మార్కర్‌తో నా చేతనైనంత లావుగా రాశాను: తాళం పగలగొట్టండి. లోపల పేషెంట్. కిందివాళ్ళు తలెత్తి చదువుతారని కాదు. పెద్ద వినాయకుడి లారీ వచ్చేసరికి విగ్రహం భుజం సరిగ్గా మా కిటికీ ఎత్తుకి వస్తుంది. ఆ భుజం పక్కన ఎప్పుడూ ఒక మనిషి నిలబడి ఉంటాడు. పొడుగాటి కర్రతో రోడ్డుకి అడ్డంగా ఉన్న కేబుల్ వైర్లని పైకెత్తి దేవుడి కిరీటానికి తగలకుండా దాటిస్తాడు. ఆయన డాన్సు చెయ్యడు. ఆయన చూపు పైనే ఉంటుంది.

మొదటి లారీ మనిషి చూడలేదు. రెండో లారీ మీద బక్కగా ఒకాయన, తలకి కాషాయం గుడ్డ. మా ముందున్న వైరు ఎత్తబోయి అట్ట చూశాడు. పెదాలు కదుపుతూ చదివాడు. నేను అట్ట పక్కకి జరిపి లోపల నేల మీదున్న అక్కని చూపించాను. ఆయన కర్ర వదిలేసి లారీ క్యాబిన్ మీద కాలితో దబదబా తన్నాడు. "ఆపురో! డీజే బంద్ చెయ్యిండ్రి! లోపల ఆడపిల్లకు పానం బాగలేదు!"

మోత ఆగిపోయింది. అంతసేపు మోతలో ఉండి ఒక్కసారి ఆగితే చెవులు గుయ్యిమన్నాయి. కింద షట్టర్ మీద రాయి దెబ్బలు. ఈసారి దరువు కాదు. తాళం ఊడిపోయి షట్టర్ కరకరమంటూ పైకి లేచింది, వెలుతురు మెట్ల మీద పడింది. నలుగురు పైకొచ్చి అక్కని కుర్చీలో కూర్చోబెట్టి కుర్చీతో సహా ఎత్తారు. "జరగుండ్రి, జరగుండ్రి" అని ముందు ఇద్దరు చేతులు చాపి దారి చేస్తుంటే ఆ సముద్రమంత జనం రెండుగా చీలిపోయింది. కుర్చీలో ఊగుతూ అక్క లారీ మీది దేవుణ్ణి చూసి, ముద్దముద్దగా, "నేను ముందు వోతున్న, నువ్వు మెల్లగ రా" అంది. మోస్తున్నవాళ్ళు కూడా నవ్వారు.

దవాఖానలో రక్తం తీశారు. లిథియం బాగా ఎక్కువైంది, ఇంకా ఆలస్యమైతే కిడ్నీలకి, మెదడుకి కష్టమయ్యేదని డాక్టరమ్మ చెప్పింది. ఇప్పటికి గోలీలు ఆపుతాం, తగ్గాక చూసి మళ్ళీ మొదలుపెడతాం అంది. అక్క చేతికి సెలైన్ పెట్టారు. మేడం అక్కడే కూర్చుంది, ముఖం మీద గులాల్ అలాగే ఉంది. ఆమె థీసిస్ మర్నాడు ఆదివారం సాయంత్రం కుట్టి ఇచ్చాను, సోమవారం తీసుకెళ్ళి ఇచ్చింది. ఆ నిమజ్జనం రోజు మాత్రం ఒక్కసారి కూడా దాని మాట ఎత్తలేదు. "నీ సుక్కలకు సెలైన్ ఎవలు పెడ్తరు మేడం?" అని అక్క సగం నిద్రలో అడిగితే, "పెట్టేటోళ్ళు లేరక్కా, అందుకే గట్ల ఉబ్బిపోతయి" అంది.

చీకటి పడుతుండగా అమ్మ వచ్చింది. బండ్లు లేవు కదా, నాంపల్లి నుంచి నడిచే వచ్చింది. కాళ్ళకి చెప్పుల్లేవు. జుట్టు నిండా గులాల్. అక్క నుదురు తడిమి, చెయ్యి తడిమి, సెలైన్ సీసా వైపు చూసింది.

"అండ్ల ఏముంది?"

"ఉప్పు నీళ్ళే అమ్మా" అన్నాను.

అమ్మ మంచం పక్కన కూలబడింది. "మన దేవుడు ఇంక నీళ్ళల్ల పడలే. దార్లనే ఉన్నడు. అంతట్లకే ఎక్కించిన్రా?"

నేను డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పాను. రెండుసార్లు చెప్పాను. అమ్మ వింది. అర్థం కూడా చేసుకుంది, ఎందుకంటే కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "నేనే సంపుకుంటుంటినా" అంది. నేను ఆమె వీపు నిమిరాను. ఇంక అయిపోయిందనుకున్నాను. కళ్ళు తుడుచుకుని, గొంతు తగ్గించి అమ్మ ఇలా అంది:

"అది ఇగ పట్టొద్దు. సరే. కానీ మొక్కు నడుమల ఇడ్సిపెట్టొద్దు బిడ్డా. నువ్వు మంచిగున్నవు, నీకేం గోలీలు లేవు. దాని బదులు నువ్వు పట్టు. రేపట్నుంచి మొదలువెట్టు. అక్క కోసం గింత చెయ్యవా?"

చూశారా, ఎంత మెత్తగా అడిగింది! నేను ఉప్పు మానేస్తే నాకేమీ కాదు. అది నిజమే. కానీ నేను పట్టిన రోజు నుంచి అక్క గోలీలు మానే రోజు కోసం అమ్మ మళ్ళీ ఎదురుచూడటం మొదలవుతుంది. ఒకరోజు నేను షాపులో ఉన్నప్పుడు, "మొక్కు తీరింది కదా" అని గోలీల అట్ట దాచేస్తుంది. నాకు తెలుసు. మా అమ్మ నాకు తెలుసు. ఔ అనలేదు, కాదనలేదు. అమ్మ మాత్రం ఔ అన్నట్టే నా తల నిమిరింది.

తెల్లారింది. వరండా బెంచీ మీద అమ్మ కూర్చుని ఉంది. అక్క చెయ్యి వణుకు తగ్గిందని, కొంచెం గంజి అడిగిందని నర్సమ్మ చెప్పింది. నేను గేటు బయట బండి దగ్గరికి వెళ్ళి, రెండు ప్లేట్ల ఇడ్లీ కట్టించుకుని వచ్చాను. ఒక పొట్లం అమ్మ ఒళ్ళో పెట్టాను. రెండోది ఆమె పక్కనే కూర్చుని విప్పాను. అమ్మ నా చెయ్యి పట్టుకోబోయి ఆగిపోయింది. నేను ఇడ్లీ తుంచి, చట్నీలో ముంచి, ఆమె చూస్తుండగా మొత్తం తినేశాను.